ఏలిక, నిర్వాహకుడు, కాపరి: గుంటూరు–ప్రకాశం క్రైస్తవ సంఘాల పర్యావరణ భాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం: క్రైస్తవ సంఘాలు పర్యావరణ బాధ్యతను స్వీకరించాలన్న పిలుపు గత కొన్ని దశాబ్దాలుగా గట్టిగా వినిపిస్తోంది. ఆ పిలుపు ప్రధానంగా 'గృహనిర్వాహకత్వం' అనే భావన మీద నిలబడింది. సొంత భూమి లేనివారు, కౌలుదారులు, వ్యవసాయ కూలీలు అధికంగా ఉన్న గుంటూరు–ప్రకాశం మైదాన సంఘాలకు ఆ భావన ఎంతవరకు అతుకుతుంది? తెలుగు బైబిలు పదజాలం, కీర్తన–ప్రసంగ సంప్రదాయం, జాషువ, ఇనాక్ రచనలు, ఈ ప్రాంత సామాజిక చరిత్ర ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సంఘం, గృహనిర్వాహకత్వం, కాపరి, పరిగె, శ్రమ, పంట పండుగ.

ప్రవేశిక

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానంలో ప్రొటెస్టంటు సంఘాల చరిత్ర దాదాపు 180 ఏళ్లది. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చాడు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. కాథలిక్కులు, సాల్వేషన్ ఆర్మీ, తర్వాతి కాలపు స్వతంత్ర ప్రార్థనా మందిరాలు కూడా ఈ నేల మీద విస్తరించాయి. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు విడిగా ఏర్పడినా, పంటల దృష్ట్యా ఈ ప్రాంతం ఒకటే కాబట్టి ఈ వ్యాసంలో పాత జిల్లాల పేర్లనే వాడుతున్నాను.

ఇదే మైదానం పత్తికీ మిరపకూ పేరుపొందింది. నాగార్జునసాగర్ కుడికాలువ నీరు వచ్చాక వాణిజ్య పంటల విస్తీర్ణం పెరిగింది, దానితోపాటు పురుగుమందుల వాడకమూ పెరిగింది. 1980ల చివర్లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు ఈ రెండు జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించింది. కాయతొలుచు పురుగు సమస్య కొంతకాలం తగ్గినా, గులాబీరంగు పురుగు ఆ విత్తనానికీ లొంగని స్థితికి చేరింది. 2021–22లో నల్ల తామర పురుగు మిరప తోటలను దెబ్బతీసింది. ప్రతి తెగులు వెనుకా కొత్త మందులు, కొత్త అప్పులు వచ్చాయి.

ఈ నేపథ్యంలో సంఘాలు పర్యావరణం గురించి ఏ భాషలో మాట్లాడుతున్నాయన్నది కేవలం వేదాంత విషయం కాదు. ఆ మాటలు వినేది ఆరు రోజులు మిరప తోటలో పనిచేసి ఏడో రోజు మందిరానికి వచ్చే మనిషి. 'బాధ్యత' అనే పదం అతని చెవికి ఎలా వినిపిస్తుందో తేల్చవలసిన పని భాషా సాహిత్య విమర్శకు కూడా ఉంది.

1. నియమం: ఒంగోలు సంఘం ఇచ్చిన పూర్వ ప్రమాణం

విశ్వాసం దైనందిన జీవితాన్ని మార్చడం ఈ సంఘాలకు కొత్త కాదు. ఒంగోలు ప్రాంతంలో తొలినాళ్లలో క్రైస్తవం స్వీకరించినవారిలో మాదిగలు అత్యధికులు. వారి ముందు మూడు నియమాలు ఉండేవని క్లౌ ఆత్మకథాత్మక గ్రంథం (1914) చెబుతుంది. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. ఈ మూడింటిలో మూడోది మాత్రమే పూర్తిగా మత విషయం. మొదటిది గ్రామ శ్రమవ్యవస్థను, రెండోది గ్రామ పశుసంపద వ్యవస్థను నేరుగా తాకింది. ఆదివారం పనికి రామని పల్లె మొత్తం చెప్పడం అప్పటి గ్రామాధికారులకు ధిక్కారంగా కనిపించింది. దానికి ప్రతిగా వెలివేతలు, వేధింపులు ఎదురయ్యాయి.

ఈ నియమాల స్వభావంలో రెండు అంశాలు గమనించదగినవి. ఒకటి, అవి సామూహికమైనవి. ఒక్క కుటుంబం ఆదివారం పని మానితే అది వారి కూలి పోగొట్టుకోవడం మాత్రమే. పల్లె అంతా మానితే అది ఊరితో కొత్త ఒప్పందం. రెండు, అవి గౌరవానికి సంబంధించినవి. చచ్చిన పశువును ఎత్తి, చర్మం ఒలిచి, ఊరిని శుభ్రంగా ఉంచడం పర్యావరణ దృష్టితో చూస్తే గ్రామానికి అత్యవసరమైన సేవ. కానీ ఆ సేవ చేసినవారికి దక్కింది అంటరానితనం. ఆ పని నుంచి దూరం జరగడం వారి విముక్తిలో భాగమైంది.

పర్యావరణ రచనలు తరచుగా పాత గ్రామాన్ని సమతుల్య జీవనానికి ఆదర్శంగా చూపిస్తాయి. వ్యర్థం లేని ఊరు, దేనినీ పారవేయని సంస్కృతి వంటి మాటలు వాటిలో వినిపిస్తాయి. ఆ ఊరిలో ఏ పనులు ఎవరి మీద పడ్డాయో ఎరిగిన సంఘం ఆ ఆదర్శాన్ని అంగీకరించలేదు. ఈ మైదానంలో పర్యావరణ బాధ్యతను బోధించదలచినవారు పోయిన గ్రామాన్ని తిరిగి తెమ్మని అడగడానికి వీల్లేదు. ఒంగోలు నియమాల వరవడిలో శరీరానికీ శ్రమకూ గౌరవం తెచ్చే కొత్త సామూహిక నియమాన్నే అడగవలసి ఉంటుంది.

1876–78 నాటి ధాత కరువు ఈ చరిత్రలో మరొక ఘట్టం. సర్వే పనిలో శిక్షణ ఉన్న క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని గుత్తకు తీసుకుని కరువు బాధితులకు కూలి కల్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఘ చరిత్రకారులు ఈ అంకెను ఆత్మల పంటగా వర్ణించారు. ఆ సంఘం పుట్టుకలో వానలు లేని నేల, కాలువ తవ్విన చేతులు, నది నీరు ఉన్నాయన్న సంగతి మాత్రం ఆ వర్ణనల్లో మరుగున పడింది.

2. తెలుగు బైబిలులో మనిషి–నేల: మూడు క్రియలు

సంఘాల్లో నేటికీ చదివే పాత తెలుగు అనువాదంలో మనిషికీ నేలకూ ఉన్న సంబంధాన్ని చెప్పే మాటలు ముఖ్యంగా మూడు తీరుల్లో కనిపిస్తాయి.

మొదటిది ఏలడం. ఆదికాండం మొదటి అధ్యాయంలో భూమిని లోపరచుకోవడం, జీవులను ఏలడం అన్న క్రియలు వస్తాయి. 'ఏలు' అన్న క్రియ తెలుగువారికి రాజుల భాష. ఏలిక, ఏలుబడి అన్న మాటలు దాని నుంచే వచ్చాయి. పారిశ్రామిక నాగరికతకు ఈ అధ్యాయం ఆధ్యాత్మిక సమర్థన ఇచ్చిందన్న విమర్శను అమెరికన్ చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో బలంగా ముందుకు తెచ్చాడు. ఆ విమర్శ తర్వాత ప్రపంచవ్యాప్తంగా సంఘాలు రెండో భావన వైపు మొగ్గాయి.

ఆ రెండోది నిర్వహించడం. భూమి మనిషిది కాదు, దేవునిది; మనిషి దానికి గృహనిర్వాహకుడు మాత్రమే అన్నది ఈ వాదం. సంఘాల పర్యావరణ బోధనలో అధిక భాగం ఈ పదం చుట్టూనే తిరుగుతుంది. ఇందులో ఒక సుగుణం ఉంది. లూకా సువార్తలోని గృహనిర్వాహకుడు లెక్క అప్పగించవలసినవాడు, అంటే జవాబుదారీ ఉన్నవాడు. అయినా ఈ మైదానంలో ఆ పదానికి రెండు చిక్కులున్నాయి. ప్రసంగాల్లో అది దశమభాగం, కానుకల ప్రస్తావనతో ఎంతగానో పెనవేసుకుపోయింది. 'సృష్టికి మంచి గృహనిర్వాహకులమై ఉండాలి' అన్నప్పుడు మరో చందా అడుగుతున్నారేమో అనిపించే అవకాశం ఉంది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. నిర్వాహకుడు యజమాని తరఫున ఇల్లూ పొలమూ చూసేవాడు. అతని చేతిలో నిర్ణయాధికారం ఉంటుంది. ఏ విత్తనం, ఏ మందు, ఎప్పుడు, ఎంత అన్న నిర్ణయాల్లో కూలికి భాగం లేదు. కౌలుదారుకు భాగం ఉన్నా కౌలు, అప్పు దాన్ని కుదించివేస్తాయి. 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టం, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయంటేనే సాగుచేసేవాడికి గుర్తింపు ఎంత కష్టమో తెలుస్తుంది. లేని అధికారానికి బాధ్యత వహించమనడం న్యాయమైన బోధ కాదు.

మూడోది కాచడం. ఆదికాండం రెండో అధ్యాయంలో మనిషిని తోటలో ఉంచిన ప్రయోజనాన్ని తెలుగు అనువాదం సేద్యపరచడం, కాచడం అనే జంట క్రియలతో చెప్పింది. మొదటి క్రియకు హీబ్రూ మూలంలో సేవ చేయడమనే అర్థం కూడా ఉంది. 'సేద్యపరచు' అన్నప్పుడు ఆ ఛాయ జారిపోయింది. రెండో క్రియ విషయంలో అనువాదం పోగొట్టుకున్నది లేదు సరికదా, మూలంలో లేని సంపదను చేర్చింది. తెలుగులో 'కాచు' అంటే రక్షించు. చేను కాచేవాడిది కావలి. మందను కాచేవాడు కాపరి. సంఘాన్ని కాచేవాడు సంఘకాపరి. అదే రూపానికి ఫలించు అన్న అర్థమూ ఉంది. చెట్టు కాస్తుంది, మిరప కాపుకు వస్తుంది. కాపు అంటే రక్షణ, కాపు అంటే ఫలం, కాపు అంటే సాగుచేసేవాడు కూడా. వ్యుత్పత్తి దృష్ట్యా ఇవన్నీ ఒకటేనని చెప్పడం నా ఉద్దేశం కాదు. వినేవారి చెవిలో ఇవి పక్కపక్కనే నిలుస్తాయి. అది చాలు.

కాచడానికి యాజమాన్యం అక్కరలేదు. మంచె మీద కూర్చుని చేను కాచినవాడు సాధారణంగా ఆ చేను సొంతదారు కాడు. అందువల్ల భూమిలేని సంఘసభ్యుడు కూడా ఈ క్రియలో తనను చూసుకోగలడు. సంఘాన్ని నడిపించే మనిషికి తెలుగు క్రైస్తవం ఇచ్చిన పేరులోనే ఈ క్రియ ఉంది. కాపరి కాచవలసింది ఆత్మలనే కాక చేనులో దిగిన శరీరాలను కూడా అన్న భావానికి ఆ పేరులోనే చోటుంది. ఇంత సహజమైన పదం అందుబాటులో ఉండగా, పరభాషా పత్రాల అనువాదంగా వచ్చిన గృహనిర్వాహకత్వాన్నే పర్యావరణ బోధకు మూలస్తంభం చేయడం విమర్శకు నిలవదు.

3. రూపకంగా మారిపోయిన పొలం

కీర్తన సాహిత్యంలో ప్రకృతి లేదని కాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) నుంచి మాసిలామణి వరకు తెలుగు క్రైస్తవ కీర్తనకారులు దేశీయ రాగతాళాలను, తెలుగు నుడికారాన్ని భక్తికి అనువుగా మలచుకున్నారు. ఆ కీర్తన లోకంలో సముద్రం, తుపాను, నావ, అరణ్యం, ఎడారి విరివిగా వస్తాయి. అవి దాదాపు అన్నీ ఆత్మయాత్రకు రూపకాలు. లోకం దాటిపోవలసిన తావు. ఈ ధోరణి భక్తి కవిత్వానికి సహజమే. అలాంటి పాటల్లో పర్యావరణ స్పృహ లేదని ఆక్షేపించడం వాటికి వర్తించని కొలతతో వాటిని కొలవడమే అవుతుంది.

ఆక్షేపించవలసింది ప్రసంగ సంప్రదాయాన్ని. విత్తువాని ఉపమానం ఈ మైదానంలో ఎన్నోసార్లు ప్రసంగ పాఠమవుతుంది. రాతినేల, ముళ్ల పొదలు, మంచినేల అనగానే బోధకుడు వాటిని మానవ హృదయాల రకాలుగా విడమరుస్తాడు. సువార్తలో ఆ వివరణ ఉన్నదే. కానీ వినేవారికి రేగడి, చెలక, చవుడు తెలుసు; ఏ నేల ఎన్ని తడులకు ఎలా స్పందిస్తుందో తెలుసు; ఒకప్పుడు మంచినేలగా ఉన్నది ఇప్పుడు ఎన్ని బస్తాల ఎరువుకూ పలకని సంగతీ తెలుసు. బోధకుడు నేలను హృదయంగా మార్చే తొందరలో ఆ ఎరుకనంతా మందిరం బయట వదిలించివేస్తాడు. యోబు గ్రంథం 31వ అధ్యాయం చివర భూమి తన మీద మొరపెడితే, చాళ్లు ఏడిస్తే తనకు శిక్ష పడాలని యోబు అంటాడు. కూలి ఇవ్వకుండా ఫలం తినడాన్ని కూడా అక్కడే ప్రస్తావిస్తాడు. నేల కన్నీరు, కూలి బకాయి ఒకే చోట చేరిన ఈ భాగం ఈ మైదానంలో విత్తువాని ఉపమానమంత ప్రసిద్ధం కావలసింది.

4. నీరు: సంఘ స్మృతిలో ఉన్న పర్యావరణ పోరాటం

పర్యావరణం సంఘాలకు బయటి నుంచి వచ్చిన అంశమన్న అభిప్రాయం చరిత్రకు విరుద్ధం. నీటి విషయం దీన్ని స్పష్టం చేస్తుంది. వేజెండ్లలో పుట్టిన కొలకలూరి ఇనాక్ రాసిన 'ఊరబావి' కథను నడిపే వస్తువులు రెండు: మంచినీటి బావి, చచ్చిన పశువు. నీరు పల్లెకు అందకుండా కాపాడుకున్నది ఊరు. కళేబరాన్ని తాకే పనిని పల్లెకు అంటగట్టింది కూడా ఊరే. మొదటి విభాగంలో చూసిన ఒంగోలు రెండో నియమం వెనుక ఉన్న సామాజిక వాస్తవం ఈ కథలో కళారూపం పొందింది. శుభ్రత, మాలిన్యం అన్న మాటలు ఈ మైదానంలో ఏనాడూ కులానికి అతీతంగా లేవని ఇనాక్ చూపాడు.

1985లో ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగిన సంఘటన ఈ సత్యాన్ని రక్తంతో రాసింది. దళితుల మంచినీటి చెరువును పశువుల కుడితితో పాడుచేయడాన్ని ఆక్షేపించడం దగ్గర అది మొదలైంది. జూలై 17న భూస్వాముల దాడిలో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. బతికినవారు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. దళిత ఉద్యమ చరిత్రలో కారంచేడు స్థానం అందరికీ తెలిసిందే. తాగే నీటిని పాడుచేయవద్దని అడిగినందుకు జరిగిన ఊచకోతగా దాన్ని పర్యావరణ చరిత్రలో కూడా చేర్చాలి. ఆ ఆక్షేపణ తెలిపిన వారికి పర్యావరణమన్న పదంతో పనిలేకపోయింది. వారికి తెలిసింది నీటి విలువ, తమ విలువ.

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో నీటి సమస్య మరో రూపంలో ఉంది. అక్కడి భూగర్భజలంలో ఫ్లోరైడు తాగునీటికి అనుమతించదగిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములను చాలాచోట్ల మించింది. ఎముకలు వంగిపోయిన మనుషులు ఆ సంఘాల్లో కూర్చుని 'జీవజలం' గురించిన ప్రసంగాలు వింటారు. జీవజలాన్ని ఆత్మీయార్థంలో బోధించవద్దని ఎవరూ అనరు. బావి దగ్గర జరిగిన సంభాషణలో పుట్టిన మాటను బావి ఊసే లేకుండా బోధించడం మాత్రం లోపమే.

5. శ్రమ, మందు, పరిగె

తెలుగు క్రైస్తవ వ్యవహారంలో 'శ్రమ' అన్న పదానికి ప్రత్యేకార్థం ఉంది. లోకంలో శ్రమ అంటే పని. సంఘంలో శ్రమ అంటే బాధ, ముఖ్యంగా క్రీస్తు అనుభవించిన బాధ. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులను ప్రొటెస్టంటు సంఘాలు శ్రమకాలం అంటాయి. అదే కాలంలో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, ఈ మైదానంలో మిరప కోతలు ముమ్మరంగా సాగుతాయి. కర్నూలు పశ్చిమ మండలాల నుంచి కూడా కూలీలు కుటుంబాలతో వలస వస్తారు. కోరుకు తుమ్ములు, చేతుల మంట, కల్లాల్లో ఎండకు కాయ ఆరబోత, తాలుకాయల ఏరివేత: పనిగానూ బాధగానూ శ్రమ అన్న పదం రెండర్థాలూ అక్కడ ఏకమవుతాయి. శ్రమకాల ధ్యానాల్లో ఈ శ్రమకు చోటు దొరకడం అరుదు.

'మందు' అన్న పదం ఇంకా గంభీరమైనది. రోగం తగ్గించేదీ మందే, పురుగును చంపేదీ మందే. విషానికి వైద్యం పేరు పెట్టడంతో దాని ప్రమాదం మాటలోనే కప్పబడిపోయింది. రైతు ఆత్మహత్యల వార్తల్లో పురుగుమందు తాగడమన్న మాట పదేపదే వచ్చి భాషకు అలవాటైపోయింది. 1968 నాటి చట్టం కింద 1971లో వచ్చిన నిబంధనలు పురుగుమందులు చల్లేవారికి రక్షక దుస్తులు ఉండాలని చెబుతున్నాయి. లుంగీ ఎగగట్టి, మూతికి తువ్వాలు చుట్టి, వీపున డబ్బా మోసే మనిషికి ఆ నిబంధనల ఊసు చేరలేదు. స్వస్థత ప్రార్థనలకు ఇంత ప్రాముఖ్యమిచ్చే సంఘాలు ఆ అనారోగ్యానికి మూలం ఎక్కడుందో అడగడం కూడా ప్రార్థనలో భాగమని గుర్తించాలి.

ఈ చర్చకు సాహిత్యంలో దారిచూపే కవి జాషువ. వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబంలో పుట్టి, 1971లో గుంటూరులో కన్నుమూసిన ఆయన ఈ మైదానపు కవి. 'గబ్బిలం' (1941) నాయకుడి రెక్కల కష్టం లేకపోతే పంట పండడానికే సందేహిస్తుందన్న భావాన్ని జాషువ పద్యంలో నిలిపాడు. పంటను పండించేది యజమాని సంకల్పమో, కేవలం దైవకృపో అని ఊరుకోకుండా, ఆ నేలకూ ఆ శరీరానికీ ఉన్న బంధాన్ని ఆయన కేంద్రంలో ఉంచాడు. ఇంకొకటి: గుడిలోకి అడుగుపెట్టే హక్కులేని మనిషి, గుడిలో నిరాటంకంగా వేలాడే గబ్బిలాన్ని దూతగా ఎంచుకున్నాడు. అశుభమని లోకం ఈసడించిన ప్రాణి ఈ కావ్యంలో మనిషికి బంధువైంది. గిజిగాడి మీద, సాలీడు మీద ఆయన రాసిన ఖండికల్లోనూ చిన్న ప్రాణుల పనితనం పట్ల గౌరవం ఉంది. 'ఏలు' అన్న క్రియకు ఇంత దూరంగా, 'కాచు' అన్న క్రియకు ఇంత దగ్గరగా వచ్చిన మరో తెలుగు క్రైస్తవ రచయితను చూపడం కష్టం. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినా, సంఘ ప్రసంగాల్లో జాషువ ఇంకా అతిథిగానే ఉండిపోయాడు.

జాషువ చూపిన బంధాన్ని బైబిలు పదజాలంలో చెప్పే మాట 'పరిగె'. లేవీయకాండంలో కోతకోసే యజమాని పొలం అంచుల దాకా కోయరాదని, రాలిన పరిగెను పేదలకు విడవాలని ఆజ్ఞ ఉంది. రూతు కథ ఆ హక్కు మీదే నిలిచింది. ఈ అనువాదాన్ని చదివే తెలుగువారికి పరిగె పుస్తకాల మాట కాదు. వరి, జొన్న, వేరుశనగ చేలల్లో తాము ఏరుకున్నది. పరిగెను విశాలార్థంలో తీసుకుంటే గట్ల మీద, సాళ్ల మధ్య వాటంతట అవే మొలిచే గలిజేరు, పొన్నగంటి, గంగవాయిలి వంటి కూరలూ అందులోకే వస్తాయి. ఇలా సాగుచేయని ఆకుకూరల విలువను జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు లోకానికి తెలియజేశారు. కలుపుమందు ఆ కూరలను చంపింది. కలుపు తీసే ఆడకూలీల పనినీ తీసివేసింది. ఇక పదేపదే మందు కొట్టిన చేలో రాలిన దాన్ని ఏరుకునే హక్కు మిగిలినా, అది పేదకు విషాన్ని పంచే హక్కే అవుతుంది. పరిగె విడవాలన్న ఆజ్ఞకు నేటి అర్థం, పేద చేయి వేయగలిగే స్థితిలో చేనును ఉంచడం. యజమాని బాధ్యత, కూలి హక్కు ఈ ఒక్క పదంలో కలుస్తాయి. గృహనిర్వాహకత్వానికి లేని బలం ఇదే.

6. పంట పండుగ: 'ఎంత' నుంచి 'ఎలా'కు

ఈ భాష ఆచరణలోకి రావడానికి సంఘానికి కొత్త పండుగలు అక్కరలేదు. పంట పండుగ ఉంది. విశ్వాసులు ప్రథమఫలాలుగా ధాన్యం, కూరగాయలు, కోళ్లు తెస్తారు; ఆరాధన తర్వాత వాటిని వేలం వేస్తారు. దోర్నకల్ బిషప్ అజరయ్య (1874–1945) వంటివారు ఇలాంటి కానుకల ద్వారా నిరుపేద గ్రామ సంఘాలకు స్వావలంబన నేర్పారు. వంటకు ముందు గుప్పెడు బియ్యం తీసిపెట్టే అలవాటు ఆ సంప్రదాయంలోదే. ఆ చరిత్రను గౌరవిస్తూనే ఒక పరిమితిని గుర్తించాలి. పండుగ అడిగే ప్రశ్న 'ఎంత తెచ్చావు?' అన్నది. 'ఇది ఎలా పండింది? ఎవరి చేతుల మీదుగా వచ్చింది? వారికి కూలి ముట్టిందా?' అన్న ప్రశ్నలకు ఆరాధన క్రమంలో చోటు కల్పిస్తే, ఇదే పండుగ పర్యావరణ బోధకు వేదికవుతుంది.

సంఘ కాలపట్టికకూ పంట కాలపట్టికకూ ఉన్న సంబంధం కూడా పట్టించుకోవలసిందే. అనేక సంఘాలు సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 వరకు సృష్టి కాలాన్ని పాటిస్తున్నాయి. భూమి ఆక్రందననూ పేదల ఆక్రందననూ కలిపి వినాలని కోరిన పోప్ ఫ్రాన్సిస్ లేఖ 'లౌదాతో సీ' (2015) కాథలిక్ సంఘాల్లో దీనికి ఊపునిచ్చింది. మొక్కలు నాటడం, ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ గ్లాసులు మానడం ఆ రోజుల్లో జరిగే కార్యక్రమాలు. అవి మంచివే. ఆ ఐదు వారాలే ఈ మైదానంలో పత్తి పూత, కాయ దశలో ఉండే కాలం, మిరప నాట్లు వేసే కాలం, పురుగుమందుల వాడకం జోరందుకునే కాలం. మందిర ప్రాంగణంలో మొక్క నాటి, చేను గురించి మౌనం వహిస్తే సృష్టి కాలం ఆవరణ గోడ దాటలేదన్నమాటే.

మౌనం వీడడానికి ఒంగోలు మొదటి నియమం వరవడి ఇస్తుంది. మందు చల్లిన తర్వాత చేలోకి దిగడానికి కొంత గడువు ఉండాలి. ఆ గడువును ఒక విశ్రాంతిగా సంఘం నిర్వచించుకోవచ్చు. ఏడో రోజు మనిషికి, ఏడో ఏట భూమికి విశ్రాంతిని విధించిన గ్రంథం చదివే సంఘానికి ఆ భావన పరాయిది కాదు. ఒక్క కూలి దిగనంటే పని పోతుంది. పల్లె కలిసి దిగమంటే రైతు ఆలోచిస్తాడు. ఆ రైతు తరచుగా అప్పుల్లో ఉన్న కౌలుదారే, కొన్నిచోట్ల అదే సంఘ సభ్యుడు కూడా. కాబట్టి ఈ నియమం ఘర్షణగా కాక ఒప్పందంగా మారవలసి ఉంటుంది. ఆ ఒప్పందం కుదర్చడం కాపరి పని.

మందుకు ప్రత్యామ్నాయంగా గుంటూరు కేంద్రంగా పనిచేస్తున్న రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని మహిళా సంఘాల ద్వారా విస్తరిస్తోంది. దాని పరిభాష ప్రత్యేకంగా గమనించదగింది: జీవామృతం, నీమాస్త్రం, బ్రహ్మాస్త్రం. పురాణ వాసన ఉన్న ఈ పేర్లు కొందరు విశ్వాసులకు ఇబ్బంది కలిగించవచ్చు. 'అస్త్రం' అన్న మాటలో పురుగుతో యుద్ధమన్న పాత రూపకం కూడా కొనసాగుతోంది. అయితే కర్ణాటక రాగాల్లో క్రీస్తును పాడుకున్న సంఘానికి పేర్లను తనవి చేసుకోవడం కష్టం కాదు. జీవజలం, జీవాహారం అన్న మాటలు వాడేవారికి జీవామృతం అంత దూరపు పదమూ కాదు. అసలు కష్టం మరోచోట ఉంది. పశువులు, భూమి ఉన్నవారికే ఈ పద్ధతి సులభం. దీనికి అదనపు శ్రమ కూడా కావాలి. ఆ శ్రమకు తగిన కూలి లేకపోతే నేల బాగుపడి మనిషి అలాగే మిగులుతాడు. సంఘం ఈ పద్ధతిని సమర్థించేటప్పుడు ఆ షరతును కూడా చేర్చి చెప్పాలి.

ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి. తెలుగు బైబిలులో మనిషి–నేల సంబంధానికి ఏలడం, నిర్వహించడం, కాచడం అనే మూడు నమూనాలున్నాయి. భూయాజమాన్యం లేనివారు అధికంగా ఉన్న గుంటూరు–ప్రకాశం సంఘాలకు మూడోదే అనువైనది. పరిగె, శ్రమ అన్న పదాలు ఆ నమూనాను పొలంలోని పేదతో కలుపుతాయి. పర్యావరణ ఆలోచన ఈ సంఘాలకు దిగుమతి సరుకు కాదు; ఒంగోలు నియమాల్లో, కారంచేడు చెరువు దగ్గర, జాషువ, ఇనాక్ రచనల్లో దాని మూలాలున్నాయి. ప్రసంగ సంప్రదాయం పొలాన్ని రూపకంగా మార్చే తొందరలో ఈ మూలాలను వాడుకోలేకపోయింది.

ఈ దిశలో జరగవలసిన పరిశోధన ఎంతో ఉంది. గ్రామ సంఘాల్లో పంట పండుగ ప్రార్థనలు, శ్రమకాల ప్రసంగాలు, కూలి స్త్రీలు మందిరంలో చెప్పే సాక్ష్యాలు మౌఖిక సాహిత్యంగా సేకరణకు నోచుకోలేదు. వాటిలో నేల, నీరు, మందు గురించి ఏ మాటలు దొర్లుతున్నాయో సేకరించి పరిశీలిస్తే, బోధకుల భాషకూ విశ్వాసుల భాషకూ ఉన్న దూరం ఎంతో తెలుస్తుంది. సంఘాన్ని పర్యావరణ బాధ్యత వైపు నడిపించే పదజాలం ఆ సాక్ష్యాల్లో ఇప్పటికే ఉండే అవకాశం ఎక్కువ. ఆ సేకరణను తెలుగు శాఖలు చేపట్టాలి.